నాయిన కంటి ప్రెషర్ నార్మలే, అయినా గ్లకోమా అంటున్నరు. రాత్రిపూట బీపీకి దీనికి ఏం సంబంధం?

హంటర్‌రోడ్_పిలగాడు:

అందరికీ నమస్తే. పోస్ట్ కొంచెం పొడుగున్నది, ఓపికతోని చదువుండ్రి. మా నాయినకు 67 ఏండ్లు. ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల గుమాస్తాగ చేసిండు, బతుకంతా పద్దులు రాసిన మనిషి. బీపీ ఉంది, షుగర్ లేదు, సిగరెట్ లేదు. ఈ మధ్య పేపర్ చదువుతుంటే లైన్ నడుమ రెండు మూడు అక్షరాలు దొరుకుతలేవు అనవట్టిండు, మసక కాదు, నలుపు కాదు, ఆడ అక్షరమే లేనట్టు ఉంటదట, తల కొంచెం పక్కకు జరిపితే మళ్ల కనపడతదట. అద్దాల షాపుల కొత్త నంబర్ ఇచ్చిన్రు, అయినా అదే కథ.

ఆఖరికి హన్మకొండల కండ్ల డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. చుక్కలేసి పాప పెద్దగ చేసి చూసిండు, చుట్టుపక్కల ఎంత వరకు కనపడతదో చూసే ఫీల్డ్ టెస్ట్ చేసిన్రు, కంటి నరం పొరల మందం చూసే ఓసీటీ స్కాన్ తీసిన్రు. ఎడమ కన్ను ఫీల్డ్ కాయిదం మీద నడిమి చుక్కకు కొంచెం పైన ఒక నల్లటి పట్టీ వంగి ఉన్నది, కుడి కన్నుల జర్ర అంత లేదు గానీ మొదలైందన్నడు. నాకు సమజ్ కానిది ఏందంటే ప్రెషర్ కుడి 14, ఎడమ 15. గ్లకోమా అంటే కంట్ల ప్రెషర్ పెరిగి వచ్చే రోగం అని కదా మనం ఇన్నది? డాక్టర్ ఏమో నార్మల్ టెన్షన్ గ్లకోమా, అంటే కంటి ప్రెషర్ నార్మలున్నా వచ్చే గ్లకోమా, అని రాసిచ్చి ప్రెషర్ తగ్గించే లాటనోప్రోస్ట్ చుక్కలు రాత్రికి ఒకటి వెయ్యమన్నడు.

తర్వాత అడిగిన ప్రశ్న ఇంకా అయోమయం చేసింది. "బీపీ గోలీలు ఎప్పుడు వేసుకుంటవు పెద్దాయినా" అన్నడు. నాయిన రెండు రకాలు, రెండూ రాత్రి అన్నం తిన్నంక వేసుకుంటడు. అది చెప్పంగనే డాక్టర్ పెన్ను పక్కన పెట్టి, 24 గంటల బీపీ మెషిన్ పెట్టించి మీ బీపీ డాక్టర్‌కు చూపించుండ్రి, రాత్రి బీపీ బాగా పడిపోతుంటే కంటి నరానికి రక్తం అందది అన్నడు. బయట జనం నిండి ఉన్నరు, అంతకంటే ఎక్కువ అడిగే సందు దొరకలె.

అందుకే ఇక్కడ అడుగుతున్న. బీపీ ఎక్కువుంటె కదా ప్రమాదం, తగ్గితే కన్ను ఎట్ల పోతది? మా బాబాయి ఏమో రక్తప్రసరణ పెంచే గోలీలు ఉన్నయ్ అవి వాడితే చూపు మళ్ల వస్తదంటడు, పక్కింటాయన శీర్షాసనం వెయ్యమంటడు తలకు రక్తం ఎక్కుతదని. నాయిన ఒక్కటే అడుగుతున్నడు, పోయింది వస్తదా రాదా అని. నేనేం చెప్పాల్నో తెలుస్తలేదు. ఎరుక ఉన్నోళ్లు చెప్పుండ్రి.

కరీంనగర్_కండ్లటెక్నీషియన్:

తమ్మీ, నేను కండ్ల దవాఖానల పని చేస్త, ఫీల్డ్ టెస్టులు, ఓసీటీలు తీసుడే నా రోజు పని. డాక్టర్‌ను కాదు, కాబట్టి ఏ మందు వాడాలె ఏది ఆపాలె అన్నది నేను చెప్పను. లోపట ఏం జరుగుతదో మాత్రం చెప్తా, ఎందుకంటే మీ డాక్టర్ అడిగింది చాలా మంచి ప్రశ్న, అది అడిగే డాక్టర్ దొరికిండంటే సంతోషపడు.

ముందుగాల నార్మల్ ప్రెషర్‌కు హద్దు అనుకునే 21 సంగతి. చాలామందికి కంటి ప్రెషర్ కొలిస్తే ఎక్కువ శాతం 10 నుంచి 21 నడుమ వస్తది, అందుకని 21 వరకు నార్మల్ అంటరు, అంతే తప్ప 21 లోపల ఉంటే నరం పదిలం అని దాని అర్థం కాదు. ఒకాయన నరం 24 ను ఏండ్ల తరబడి తట్టుకుంటది, ఇంకొకాయనది 15 కే దెబ్బ తింటది. గ్లకోమా అనేది నరం రోగం. ప్రెషర్ దాన్ని చెడగొట్టే వాటిల్ల పెద్దది, మనం తగ్గించగలిగేది కూడా అదొక్కటే, అందుకని అందరి నోట్ల ప్రెషర్ మాటనే ఉంటది.

ఇగ రక్తం ముచ్చట. కంటి నుంచి మెదడుకు పోయే నరంల దాదాపు 10 లక్షలకు పైన సన్నటి పోగులు ఉంటయ్. అవన్నీ కంటి వెనక ఒకటిన్నర మిల్లీమీటర్ వెడల్పున్న గుండ్రటి జాగల గుమిగూడి, బొక్కలు బొక్కలున్న ఒక పొర నుంచి బయటికి పోతయ్. ప్రెషర్ ఆ పొరను వెనక్కి నూకుతది, పోగులు ఆడనే నలుగుతయ్. అదే జాగకు రక్తం కూడా అందాలె. మెడల నుంచి పోయే కరోటిడ్ రక్తనాళం, దాని నుంచి ఆఫ్తాల్మిక్ ఆర్టరీ, దాని నుంచి వెంట్రుకల లెక్క చీలిన సీలియరీ ఆర్టరీలు, ఇట్ల చాలా దూరం వచ్చి చాలా సన్నబడిన నాళాలతోని ఆ నరం తలకాయకు రక్తం అందుతది. పైపై పొరకు మాత్రం రెటీనా రక్తనాళం కొమ్మలు ఇస్తయ్.

కాలువ చివర మడి ఉన్న రైతుకు ఇది ఇంకా మంచిగ తెలుస్తది, చెరువుల మట్టం తగ్గినా నీళ్లు రావు, మడి మొగదల కట్ట ఎత్తు లేసినా నీళ్లు రావు. బీపీ రక్తాన్ని లోపటికి నూకుతది, కంటి ప్రెషర్ ఎదురు నూకుతది. రెండింటికి నడుమ తేడాను పర్ఫ్యూజన్ ప్రెషర్ అంటరు. మోటు లెక్క ఒకటి చూడు. పగలు బీపీల కింది నంబర్ 80, కంటి ప్రెషర్ 15, తేడా 65. రాత్రి నిద్రల కింది నంబర్ 50 కి దిగింది అనుకో, పండుకుంటే కంటి ప్రెషర్ కొన్ని పాయింట్లు పెరుగుతది కాబట్టి 18 అనుకో, తేడా 32. సగానికి పడిపోయింది. ఒక దిక్కు తగ్గుతది, ఇంకో దిక్కు పెరుగుతది, రెండూ ఒక్క రాత్రే. పగలు దవాఖానల కూసొని కొలిస్తే ఈ రెండూ కనపడవు.

ఇది మొన్న పుట్టిన మాట కాదు. అమెరికాల బాల్టిమోర్‌ల జనాన్ని పరీక్షించి 1995 ల రాసిన లెక్కల, ఈ తేడా బాగా తక్కువున్నోళ్లల్ల గ్లకోమా దాదాపు ఆరు రెట్లు ఎక్కువ కనపడింది. ఆ తర్వాత వేరే దేశాలల్ల చూసినా ఆ దిక్కే తేలింది.

మరి అందరికీ రాత్రి బీపీ తగ్గుతది కదా అంటవు. అవును, 10 నుంచి 20 శాతం తగ్గుడు మామూలే. ఆరోగ్యంగున్న నాళాలు తక్కువ పడంగనే తామే వెడల్పు అయ్యి రక్తం సరిపోయేటట్టు సర్దుకుంటయ్. గ్లకోమా ఉన్న చాలామందిల ఈ సర్దుకునే గుణం మందగిస్తదని పరిశోధకులు చెప్తరు. అప్పుడు 20 శాతం కంటే ఎక్కువ పడితే, అది గంటల తరబడి సాగితే, నరానికి రాత్రి రాత్రి కరువన్నట్టే. బీపీ గోలీలు రాత్రి వేసుకుంటే, నిద్రల వచ్చే తగ్గుదల మీద మందు తగ్గుదల కూడా కలుస్తది. మీ డాక్టర్ అడిగింది అందుకే.

ఇంకో మాట నిజాయితీగ చెప్పాలె. రక్తం తగ్గి పోగులు చస్తున్నయా, పోగులు చచ్చినంక రక్తం అవసరం లేక తగ్గిందా అన్నది ఇంకా తేలని వాదనే. రక్తనాళాలను చూపించే ఓసీటీ యాంజియోగ్రఫీ అనే స్కాన్‌ల గ్లకోమా నరం చుట్టు సన్న నాళాలు పలచగ కనపడతయ్, కానీ ఆ ఫోటో చూసి ఏది ముందు ఏది వెనక అని చెప్పలేం. రెండూ కలిసే నడుస్తయని చాలామంది అనుకుంటరు.

అందుకే మందు మాత్రం ప్రెషర్ తగ్గించుడే. 15 ఉన్నోనికి ఇంకేం తగ్గిస్తరు అని జనం అడుగుతరు. నార్మల్ టెన్షన్ గ్లకోమా మీదనే అమెరికాల పెద్ద పరీక్ష చేసి 1998 ల ఫలితాలు చెప్పిన్రు. ప్రెషర్‌ను ఉన్నదాని నుంచి 30 శాతం తగ్గించిన కండ్లల్ల 12 శాతమే ఇంకా చెడిపోయినయ్, ఏం చెయ్యని కండ్లల్ల 35 శాతం. అంటే మీ నాయినకు 15 నుంచి 10, 11 దాకా దింపాలని చూస్తరు. తగ్గితే ఎదురు నూకుడు తగ్గుతది, పోగులు నలుగుడు తగ్గుతది, రక్తానికి దారి దొరుకుతది.

శీర్షాసనం వద్దంటే వద్దు. తలకిందులు నిలబడితే కంటి ప్రెషర్ రెట్టింపు అయితదని చెన్నైల యోగా చేసేటోళ్ల మీద కొలిచి చూసిన్రు. సర్వాంగాసనం, ఊపిరి బిగపట్టి బరువులు ఎత్తుడు కూడా పక్కన పెట్టాలె. పొద్దుగాల నడక మంచిది, దానితోని ప్రెషర్ కొంచెం తగ్గుతది.

గోదావరిఖని_భూగర్భం:

పైన టెక్నీషియన్ సారు చెప్పింది నా ఒంటి మీద అయ్యింది కాబట్టి రాస్తున్న. సింగరేణిల రిటైర్ అయిన, నాకూ ఇదే రోగం, ప్రెషర్ ఎప్పుడు కొలిచినా 13, 14. నాకు చిన్నప్పటి నుంచి చేతులు కాళ్లు సల్లగుంటయ్, చలికాలంల వేళ్లు తెల్లగైతయ్. నా కండ్ల డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న అదే, రెండో ప్రశ్న అర్ధశీసి తలనొప్పి వచ్చేదా అని. రక్తనాళాలు ఊకె ముడుచుకునే తత్వం ఉన్నోళ్లల్ల ఈ రకం గ్లకోమా ఎక్కువ చూస్తమని చెప్పింది.

మూడో ప్రశ్న గురక. మా ఇంటామెను అడిగింది, నిద్రల ఊపిరి ఆగినట్టు అయితదా అని. నిద్రల ఊపిరి ఆగే జబ్బు ఉంటే ఆక్సిజన్ పడిపోతది, అది కూడా నరానికి చెరుపే. మీ నాయిన గురక పెడితే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పు.

నాకు 24 గంటల మెషిన్ పెట్టిన్రు. చెయ్యికి పట్టీ కట్టి నడుముకు డబ్బా తగిలిస్తరు, రాత్రిపూట కూడా కొంతసేపటికొకసారి బుస్సుమని ఉబ్బుతది, నిద్ర సక్కగ పట్టది, అయినా ఓర్చుకోవాలె. రిపోర్టుల తెల్లారగట్ల మూడు నాలుగు నడుమ కింది నంబర్ 48 కి పోయింది. నాకు తెల్లారి లేవంగనే కండ్లు తిరిగేది, ముసలితనం అనుకునేటోన్ని. ఫిజీషియన్ ఆ కాయిదం చూసి రాత్రి గోలీ పొద్దుగాలకు మార్చిండు, ఒకదాని డోసు సగం చేసిండు. పగటి బీపీ ఏం పెరగలె.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న. ఇది చదివి ఎవ్వరూ బీపీ గోలీ ఇంట్లనే ఆపొద్దు. మా కాలనీల ఒకాయన బీపీ గోలీలు ఆపి పక్షవాతంతోని పడ్డడు. బీపీ ఏండ్ల తరబడి ఎక్కువున్నా ఆ సన్న నాళాలు గట్టిపడి చెడిపోతయ్. రాత్రి ఎంత పడుతుందో కొలిచి, ఇద్దరు డాక్టర్లు చూసి, వాళ్లు మార్చాలె.

హంటర్‌రోడ్_పిలగాడు:

అన్నా, సారూ, ఇద్దరికీ మస్తు థ్యాంక్స్. నాయినకు చదివి వినిపించిన. కాలువ చివర మడి అన్న ముచ్చట ఇనంగనే తలకాయ ఊపిండు, మా ఊళ్లె మా పొలం గట్లనే ఉండె. గురక పెడతడు, మస్తు పెడతడు, అది మేం ఎవ్వరికీ చెప్పలె.

ఇంకో రెండు అడుగుతా. బీపీ డాక్టర్‌కు కంటి ముచ్చట చెప్తే "కండ్లకు బీపీకి ఏంది" అంటడేమో అని ఒక భయం. రెండోది బాబాయి చెప్పిన రక్తప్రసరణ గోలీలు నిజంగ ఏమన్న పనిచేస్తయా?

మంచిర్యాల_హర్బల్‌ప్రియుడు:

గోలీలు పని చెయ్యవు అని ఎవరన్నరు? గింకో బిలోబా అనే చెట్టు ఆకు గోలీలు ఆరు నెలలు వాడితే మా బామ్మర్దికి చూపు తేటగైంది. ఇంగ్లిష్ మందోళ్లు ప్రెషర్ ప్రెషర్ అని చుక్కలు జీవితాంతం అమ్ముకుంటరు, రక్తం సంగతి వాళ్లే ఒప్పుకుంటున్నరు కదా, మరి రక్తం పెంచే మందు ఎందుకియ్యరు. విటమిన్ బి3 కూడా మంచిగ పనిచేస్తదని వచ్చింది.

కరీంనగర్_కండ్లటెక్నీషియన్:

అన్నా, మీ బామ్మర్ది చూపు తేటగైందంటే సంతోషమే, కానీ గ్లకోమాల చాలామందికి నడిమి చూపు ఆఖరి దాకా బాగనే ఉంటది, అక్షరాల బోర్డు మొత్తం చదివేటోనికి కూడా ఫీల్డ్ సగం పోయి ఉంటది, నేను రోజూ చూస్త. తేటగైంది అన్నది ఫీల్డ్ టెస్ట్ మీద కనపడాలె. పోయిన ఫీల్డ్ కాయిదం, ఇప్పటి కాయిదం పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తది. ఆయనకు ఒకసారి ఆ టెస్ట్ చేపించుండ్రి, మంచి కోరే చెప్తున్న.

గింకో మీద చిన్న చిన్న పరీక్షలు జరిగినయ్, ఒక దాంట్ల మంచిగ అనిపించింది, ఒక దాంట్ల ఏం తేడా కనపడలె. నమ్మి వాడేటంత రుజువు లేదు. అంతకంటే ముఖ్యం, గుండెకు స్టెంట్ పడ్డోళ్లు, రక్తం పలచబడే గోలీలు వాడేటోళ్లు గింకో కలిపితే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. విటమిన్ బి3 లో నికోటినమైడ్ అనే రకం మీద ఆస్ట్రేలియాల మొదలుపెట్టి వేరే దేశాలల్ల కూడా పరీక్షలు చేస్తున్నరు, ఆశ ఉన్న దారే, కానీ అక్కడ ఇచ్చేది గ్రాముల లెక్కన పెద్ద డోసు, కాలేయం దెబ్బ తినకుండ రక్తపరీక్షలు చేసుకుంట ఇస్తరు. మెడికల్ షాపుల కొనుక్కొని వేసుకునేది కాదు.

రక్తం పెంచే మందు ఎందుకియ్యరు అంటే, కంటి నరానికి రక్తం పెంచి గ్లకోమాను ఆపుతది అని పెద్ద పరీక్షల నిలబడ్డ మందు ఇంకా లేదు కాబట్టి. ఉంటే మొదట రాసేది ఆ కండ్ల డాక్టర్లే. రక్తనాళాలు వెడల్పు చేసే మందులు కొన్ని ఒంట్ల మొత్తం బీపీ దించుతయ్, అప్పుడు మనం మాట్లాడుకున్న ఆ తేడానే ఇంకా తగ్గుతది.

తమ్మీ, ఇగ నీ ప్రశ్న. బీపీ డాక్టర్ దగ్గరికి ఉత్త నోటి మాటతోని పోకు. కండ్ల డాక్టర్‌తోని రెండు లైన్ల చీటీ రాయించుకో, నార్మల్ టెన్షన్ గ్లకోమా, రాత్రి బీపీ పడిపోతుందేమో చూడుండ్రి అని. అది ఉంటే ఏ ఫిజీషియన్ అయినా పట్టించుకుంటడు. ఇంట్ల వాడే ప్రతి గోలీ పట్టీ ఒక కవర్ల వేస్కొని పో. ప్రోస్టేట్ కోసం వాడే గోలీలల్ల కొన్ని కూడా బీపీ దించుతయ్, అవి ఉంటే మర్చిపోకుండ చూపియ్యి.

మీ కండ్ల డాక్టర్‌ను అడగాల్సినవి కూడా ఉన్నయ్. కార్నియా, అంటే నల్లగుడ్డు ముందర అద్దం లెక్క ఉండే పొర, దాని మందం కొలిచిన్రా? కార్నియా పలచగుంటే మెషిన్ల 15 అని వచ్చినా అసలు ప్రెషర్ అంతకంటే ఎక్కువే ఉంటది. గోనియోస్కోపీ అని అద్దం ఆనించి కంట్ల నీరు బయటికి పోయే మూల తెరిచి ఉందా మూసుకుందా చూస్తరు, మన దేశంల మూల మూసుకునే రకం బాగనే ఉంది కాబట్టి అది చెయ్యకుండ పేరు పెట్టొద్దు. వేరే వేరే టైములల్ల ప్రెషర్ కొలిచిన్రా? పొద్దుగాల ఒక తీరు, మాపటికి ఒక తీరు ఉంటది. రక్తహీనత ఉందా? ఎప్పుడన్నా యాక్సిడెంట్ల, ఆపరేషన్ల రక్తం బాగా పోయిందా? ఇవన్నీ నార్మల్ టెన్షన్ అని ముద్ర వేసే ముందు అడిగేటియే, మీకు ఇప్పటికే చేసిండు కావచ్చు, ఫైల్‌ల చూసుకో.

ఇంకొకటి, ఫోటో తీసినప్పుడు నరం అంచు మీద సన్నటి ఎర్రటి గీత ఒకటి అప్పుడప్పుడు కనపడతది, గోటితోని గీసినంత. డిస్క్ హెమరేజ్ అంటరు. కొన్ని వారాలల్ల మాయమైతది, నొప్పి ఉండది, మనిషికి తెల్వది. అది ఉంటే రోగం నడుస్తుందని లెక్క, నార్మల్ టెన్షన్ రకంల ఎక్కువ చూస్తం. నేను ఫోటో తీసేటప్పుడు అది కనపడితే పేషెంట్‌ను బయటికి పంపక ముందే పోయి డాక్టర్‌కు చూపిస్త.

నాయిన అడిగిన దానికి జవాబు నువ్వు దాచొద్దు. చచ్చిన పోగులు మళ్ల రావు. ఉన్న పోగులు చాలా ఉన్నయ్, కుడి కన్ను దాదాపు మొత్తం ఉంది, ఆ చూపును కాపాడుడు మన చేతుల ఉన్న పని. 67 ఏండ్ల మనిషికి సక్కగ మందు పడితే జీవితాంతం పేపర్ చదువుకునే చూపు నిలుస్తది, అట్ల నిలిచినోళ్లు నా దగ్గరికి ఏండ్లుగ వస్తున్నరు.

జమ్మికుంట_అక్క:

తమ్ముడూ, నేను మా అమ్మకు చుక్కలు వేసేదాన్ని, చుక్కలెయ్యుడు సక్కగ రాక సగం మంది మందు చెంపల మీదికి పోతది. కింది రెప్పను వేలుతోని కిందికి గుంజి ఆ సందుల ఒక్క చుక్క వెయ్యాలె, సీసా మూతి కంటికి తగలొద్దు. తర్వాత కన్ను మూసి ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలుతోని నొక్కి పట్టాలె. అట్ల చేస్తే మందు ముక్కులకు, గొంతులకు, రక్తంలకు పోకుండ కంట్లనే ఉంటది. తర్వాత రెండో రకం చుక్క ఉంటే ఐదు నిమిషాలు ఆగి వెయ్యాలె.

నీ కేసుల ఇది ఇంకా ముఖ్యం ఎందుకంటే టిమోలాల్ అనే చుక్కలు ఉంటయ్, చవక, బాగనే పనిచేస్తయ్, కానీ అవి రక్తంలకు పోతే గుండె వేగం, బీపీ దించుతయ్, ఆస్తమా ఉన్నోళ్లకు ఊపిరి పట్టేస్తది. రాత్రిపూట టిమోలాల్ వేసేటోళ్లకు తెల్లారగట్ల బీపీ ఇంకా తగ్గొచ్చు. 2011 ల ఒక పరీక్షల ఈ రకం గ్లకోమా ఉన్నోళ్లకు బ్రిమోనిడిన్ అనే వేరే చుక్కలు ఇచ్చినోళ్ల ఫీల్డ్, టిమోలాల్ ఇచ్చినోళ్ల కంటే బాగా నిలిచిందని మా డాక్టర్ చెప్పిండు, ప్రెషర్ రెండింటితోని ఒక్క తీరే తగ్గినా. కాకపోతే బ్రిమోనిడిన్ కండ్లు ఎర్రగ చేసి దురద పెట్టి చాలామంది మధ్యలనే మానేసిన్రట. మీకు ఇచ్చిన లాటనోప్రోస్ట్‌తోని బీపీ భయం లేదు, రెప్ప వెంట్రుకలు పొడుగైతయ్, కన్ను కొంచెం ఎర్రగైతది, కంటి చుట్టు చర్మం నల్లబడొచ్చు. సీసా తెరవక ముందు ఫ్రిజ్‌లనే ఉంచాలె. మన దిక్కు ఎండాకాలం 45 డిగ్రీలు పోతది కదా, తెరిచినంక కూడ ఫ్రిజ్ తలుపుల పెట్టుకుండ్రి, ఐస్ గడ్డల అరల మాత్రం పెట్టొద్దు. తెరిచిన తారీఖు సీసా మీద రాసి నెలకు పారెయ్యుండ్రి.

ఇంకో సంగతి అడుగు నాయినను, మోకాళ్ల నొప్పులకో దమ్ముకో ఎప్పుడన్నా స్టెరాయిడ్ సూదులు, గోలీలు వాడిండా అని, లేకుంటె కండ్ల మంటకు షాపుల ఇచ్చిన చుక్కలు నెలల తరబడి వేసుకున్నడా అని. మా ఊళ్లె ఒక పిల్లగాడు కండ్ల దురదకు షాపుల ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు ఏడాది వాడి ఒక కన్ను పోగొట్టుకున్నడు, ఇంటర్ చదివే పిల్లగాడు. ఆ చుక్కలు వేస్తే ఎరుపు వెంటనే పోతది, హాయిగుంటది, అందుకే మళ్ల మళ్ల కొంటరు, లోపట ప్రెషర్ 40 దాకా ఎక్కుతున్నా నొప్పి తెల్వది. వాడుడు ఆపినంక ప్రెషర్ నార్మల్ కు దిగుతది, నరం మాత్రం అప్పటికే పోయి ఉంటది, అప్పుడు చూసిన డాక్టర్‌కు నార్మల్ టెన్షన్ లెక్కనే కనపడతది. షాపోళ్లు చీటీ లేకుండ ఎట్ల ఇస్తరో నాకు ఇప్పటికీ కోపమే.

నువ్వూ, నీ అక్కచెల్లెండ్లు, అన్నదమ్ములు, నాయిన తోడపుట్టినోళ్లు అందరూ చూపెట్టుకోవాలె. ఇంట్ల ఒకరికి ఉంటే రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం మామూలు వాళ్ల కంటే చాలా రెట్లు ఎక్కువ. ప్రెషర్ ఒక్కటి కొలిచి పంపితే ఒప్పుకోవద్దు, మీ ఇంట్ల అది నార్మలే చూపిస్తది, నరం చూడమనుండ్రి. పైసల ఇబ్బంది ఉన్నోళ్లు వరంగల్ ప్రాంతీయ కంటి దవాఖాన ఉంది, హైదరాబాద్‌ల సరోజినీదేవి ఉంది. ఎల్వీ ప్రసాద్ వాళ్లు లేనోళ్లకు ఉత్తగనే చూస్తరు, ఆదిలాబాద్ దిక్కోళ్లకు ముధోల్‌ల కూడా వాళ్ల సెంటర్ ఉంది. కంటివెలుగుల అద్దాలు తీస్కున్నం కదా కండ్లు బాగున్నయ్ అనుకునేటోళ్లు మస్తుమంది, అద్దాల పరీక్ష వేరు, నరం పరీక్ష వేరు.

హంటర్‌రోడ్_పిలగాడు:

అక్కా, అన్నలూ, అప్‌డేట్ ఇస్తున్న. కండ్ల డాక్టర్ చీటీ రాసిచ్చిండు. ఫైల్‌ల చూస్తే కార్నియా మందం, గోనియోస్కోపీ రెండూ ముందే చేసి రాసి ఉన్నయ్. బీపీ మెషిన్ పెట్టించినం. పగలు సగటు 132/80, రాత్రి సగటు 103/60, తెల్లారగట్ల ఒకసారి 94/52. ఫిజీషియన్ చీటీ చదివి, రిపోర్ట్ రెండు సార్లు తిప్పి చూసి, 20 శాతం దాటి పడుతుంది అన్నడు. రెండు గోలీలు పొద్దుగాలకు మార్చిండు, రెండు వారాలు ఇంట్ల బీపీ రాసుకొని రమ్మన్నడు, మళ్ల మెషిన్ పెడతా అన్నడు. గురక సంగతి చెప్తే నిద్ర పరీక్షకు కూడా రాసిచ్చిండు, అది ఇంకా చేయించాలె.

స్టెరాయిడ్ గురించి అడిగితే నాయిన ముందు లేదన్నడు, తర్వాత అమ్మ యాది చేసింది, నడుము నొప్పికి ఊళ్లె ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకునేటోడని. అవి ఏం సూదులో ఎవ్వరికీ ఎరుక లేదు. డాక్టర్‌కు చెప్పిన, రాసుకున్నడు, ఇగ ముందు అట్లాంటివి వద్దని నాయినకు గట్టిగ చెప్పిండు.

ప్రెషర్ చుక్కలతోని ఎడమ 11 కి వచ్చింది. పోయింది రాదని నేనే చెప్పిన, కాసేపు ఏం మాట్లాడలె, తర్వాత కుడి కన్ను మూసి ఎడమ కన్నుతోని గోడ మీది క్యాలెండర్ చూసి ఎంత వరకు కనపడతదో నాకు చెయ్యితోని చూపెట్టిండు. మా పెద్దనాయిన, అక్క చూపెట్టుకున్నరు, అక్కది మంచిగుంది, పెద్దనాయినది నరం అనుమానంగ ఉందని ఫీల్డ్ టెస్ట్ రాసిన్రు. ఆయన వినుడు కష్టం, నాకు మంచిగనే కనపడుతుంది ఎందుకు టెస్ట్ అంటడు. ఫీల్డ్ టెస్ట్ అంటే ఏముంటదో ఆయనకు ఎట్ల చెప్పాలె?

కరీంనగర్_కండ్లటెక్నీషియన్:

11 మంచి నంబర్. పెద్దనాయినకు ఇట్ల చెప్పు: ఒక కన్ను మూసి గిన్నె లాంటి డబ్బాల గదుమ ఆనించి నడిమి లైటునే చూడాలె, చుట్టుపక్కల ఎక్కడన్నా చిన్న లైటు మెరిస్తే బటన్ నొక్కాలె, సూది లేదు, మంట లేదు. చాలా లైట్లు కావాల్నని మసకగ ఇస్తరు, కనపడకపోతే కంగారు పడొద్దు, ఊహించి నొక్కొద్దు. కన్ను ఆర్పొచ్చు. అలసిపోతే బటన్ నొక్కి పట్టుకుంటే మెషిన్ ఆగుతది, ఊపిరి తీస్కొని మళ్ల మొదలు పెట్టొచ్చు. మొదటి సారి చాలామందికి సక్కగ రాదు, రెండోసారి చేపించుకొమ్మంటే రోగం పెరిగిందని భయపడొద్దను. పొద్దుగాల, టిఫిన్ తిని, అద్దాలు తీస్కొని రమ్మను. మాపటికి అలసటతోని వచ్చినోళ్ల కాయిదం ఊకె నల్లగ వస్తది.